బిల్టీ మీద ఎవరి పేరు?

తాండూరు పేరు చెప్పగానే రెండు గుర్తొస్తాయి. ఒకటి కాళ్ల కింద పరుచుకునే నాపరాయి. రెండోది పొయ్యి మీద ఉడికే కందిపప్పు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. పేరు ఎంతున్నా సరుకు ఊరు దాటితేనే నాలుగు రూపాయలు చేతికొచ్చేది. అసలు తలనొప్పి మొదలయ్యేదీ అక్కడే.

ఒకప్పుడు లారీ ఆఫీసుకు వెళ్లి, చాయ్ తాగుతూ బేరమాడి బండి మాట్లాడుకునేవాళ్లు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. బ్రోకరు కమీషన్ తీసుకున్నా అతని ఇల్లెక్కడో మనకు తెలుసు. తేడా వస్తే గుమ్మం ముందు కూర్చోవచ్చు. ఇప్పుడు ఆ బ్రోకరు ఫోన్‌లోకి వచ్చేశాడు. 2014లో మొదలైన పోర్టర్, 2015లో బెంగళూరులో పుట్టిన బ్లాక్‌బక్ లాంటివి వచ్చాక బండి వెతకడం తేలికైంది. నాలుగు రేట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. బండి ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకోవచ్చు. బాగానే ఉంది. కానీ రేటు చూసి బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: 'దారిలో సరుకు పాడైతే నాకు జవాబు చెప్పేదెవరు?'

చాలా యాప్‌లు తమ నిబంధనల్లో 'మేం మధ్యవర్తులం మాత్రమే' అని రాసుకుంటాయి. అంటే బండిని చూపించడం వరకే వాళ్ల పని, ఆ తర్వాత మీరూ లారీ యజమానీ చూసుకోవాలన్నమాట. చట్టం మాత్రం ఇంకో మాట చెబుతోంది. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం 2011 నుంచి అమల్లో ఉంది. అందరి సరుకూ తీసుకుని రసీదు మీద రవాణా చేసే వ్యాపారులను అది 'కామన్ క్యారియర్' అంటుంది. ఆ నిర్వచనంలో బుకింగ్ కంపెనీలు, ఏజెంట్లు, బ్రోకర్లు కూడా ఉన్నారు. వీళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. సరుకు తీసుకోగానే రసీదు ఇవ్వాలి. మనవాళ్లు బిల్టీ అనేది దాన్నే. కాబట్టి బుక్ చేసే ముందే అడగండి: 'బిల్టీ మీరిస్తారా, లారీ యజమాని ఇస్తాడా? మీ రిజిస్ట్రేషన్ నంబరెంత?' జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఇంకొకరిని చూసుకోండి.

బిల్టీ చేతికొచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. సరుకు పోతే క్యారియర్ తప్పుందని మీరు నిరూపించనక్కర్లేదు, అది మనకు అనుకూలమే. కానీ పరిహారానికి పరిమితి ఉంది. మామూలుగా అది కిరాయికి పది రెట్లు దాటదు. మీరు రూ.600 కిరాయితో రూ.20 వేల సరుకు పంపారనుకోండి. మొత్తం పోయినా చేతికొచ్చేది మహా అయితే రూ.6 వేలు. మిగతా రూ.14 వేలు మీ నెత్తిన పడతాయి. చిన్న వ్యాపారికి అది ఒక నెల లాభం కావచ్చు. దీన్ని తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. సరుకు విలువను కాగితం మీద రాయించి, కొంత ఎక్కువ చెల్లించి 'హయ్యర్ రిస్క్ రేటు' తీసుకోవడం ఒకటి. విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించడం రెండోది. నష్టం జరిగితే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఫోన్‌లో ఎంత గట్టిగా అరిచినా అది నోటీసు కిందికి రాదు.

ఇక రేటు సంగతి. ముందు మీ సరుకు బరువు మీకు తెలియాలి. అంగుళం మందం నాపరాయి చదరపు అడుగుకు దాదాపు 6 కిలోలు తూగుతుంది. 500 అడుగులంటే 3 టన్నులు. దానికి పెద్ద లారీ మొత్తం మాట్లాడుకుంటే ఖాళీకి కూడా కిరాయి కట్టినట్టే. పార్ట్ లోడులో వేస్తే కిరాయి తగ్గుతుంది, కానీ దారిలో బండి మారొచ్చు. మారిన ప్రతిసారీ దించి ఎక్కించడమే. రాయిని పడుకోబెట్టకుండా నిలువుగా, మధ్యలో గడ్డి పెట్టి సర్దితేనే అంచులు నిలుస్తాయి. ఆ పని చేసే హమాలీలు ఆ యాప్ వద్ద ఉన్నారో లేదో కనుక్కోండి.

తేలిక సరుకుది మరో లెక్క. వికారాబాద్‌లో ఇంట్లో అప్పడాలు చేసి హైదరాబాద్ దుకాణాలకు పంపుతున్నారనుకోండి. 40 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టె 5 కిలోలే ఉండొచ్చు. కానీ చాలా పార్శిల్ సంస్థలు మూడు కొలతలనూ గుణించి, 5000తో భాగించి బరువు కడతాయి. ఆ లెక్కన అది దాదాపు 13 కిలోలు! భాగించే అంకె సంస్థకొక తీరుగా ఉంటుంది, ముందే అడగాలి. పెట్టె చిన్నదైతే ఖర్చూ తగ్గుతుంది.

తెర మీద కనిపించే రేటే చివరి రేటనుకోవద్దు. హమాలీ, బండి ఆగితే హాల్టింగ్, డోర్ డెలివరీ, ఇన్సూరెన్స్... ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో రాతలో తీసుకుని అప్పుడు పోల్చుకోండి.

కాగితాల్లో మరొకటి ఈ-వే బిల్లు. పన్ను పడే సరుకు విలువ రూ.50 వేలు దాటితే అది తప్పనిసరి. మామూలు బండికి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తారు. దారిలో లారీ మారితే అందులో నంబరూ మార్చాలి. ఆ బాధ్యత ఎవరిదో బ్రోకరుతో ముందే తేల్చుకోండి. లేకపోతే సరుకు దారిలో తనిఖీవాళ్ల దగ్గర, మీరు ఫోన్ పట్టుకుని ఇంట్లో!

మోసాలూ తక్కువేం కాదు. అడ్వాన్స్ తీసుకుని మాయమయ్యేవాళ్లు ఉన్నారు. లోడు ఎత్తే ముందు బండి నంబరు, ఆర్సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్ ఫొటోలు తీసుకోండి. డబ్బు వేసే ఖాతా పేరు, బిల్టీ మీది పేరు ఒకటేనా చూడండి. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఒక చిన్న చిట్కా. కొత్త బ్రోకరుకు మొదటిసారే పెద్ద సరుకు అప్పగించకండి. పోయినా తట్టుకోగలిగినంతే పంపి చూడండి. సమయానికి చేరిందా, బిల్లు చెప్పినట్టే వచ్చిందా, ఫోన్ ఎత్తారా అని గమనించండి. రెండు మూడు బ్రోకర్ల నంబర్లతో పాటు ఊళ్లో లారీ ఆఫీసు నంబరూ దగ్గర ఉంచుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు, సరుకు ఎక్కించకముందే బిల్టీ మీద పేరు చదవడం మేలు కదూ!