తోమి తోమి అరిగిన బంగారం

పోయిన నెల మేము బళ్లారి వైపు ఒక పెండ్లికి వెళుతూ, దారిలో తెలిసినవారి పాత ఇంట దిగాము. నడవలో గోడకు గుండ్రని ఉక్కు డాలు ఒకటి వేలాడుతున్నది. నడుమ నాలుగు బొడిపెలు, అంచున తీగెపని. దగ్గరికి పోయి చూస్తే, బంగారం మిగిలి ఉన్నది వ్రేళ్ళు చొరని మూలల్లోనే! తక్కినచోటంతా వట్టి ఉక్కు తెల్లగా తళతళలాడుతున్నది.

“మా అత్త కాలం నుంచీ దసరాకు చింతపండు, ఇటికపొడి పెట్టి తోముతానే ఉండాం నాయనా! ఒక్క ఏడూ తప్పలే” అని ఆ ఇంటి పెద్దమ్మ సంతోషంగా చెప్పారు. మాకు నోట మాట రాలేదు.

ఆ పనిని కోఫ్త్‌గరీ అంటారు. పనివాడు ముందు ఉక్కుమీద అటూ ఇటూ ఏటవాలుగా సన్నని గీతలు గీసి, ఆకురాయి మాదిరి గరుకు చేస్తాడు. దానిమీద వెంట్రుకంత బంగారు తీగెను పువ్వుగా, లతగా వంచుతూ చిన్న సుత్తితో కొడతాడు. ఆ గరుకు పళ్ళే తీగెను పట్టుకొంటవి. తరువాత కాచి, నున్నని రాతితో మెరుగు పెడతాడు. అంటే బంగారం పైపైన కూర్చున్నదే గాని లోపలికి దిగినది కాదు. గాడి తొలిచి తీగెను దింపే పని వేరే ఉన్నది, తహ్నిషాన్ అని. అది గట్టిది, శ్రమా ఎక్కువే. ఇటికపొడికి మొదటిది ఎన్నేండ్లు ఆగుతుంది?

బొడిపెలు అందానికే అనుకొంటాము. కాదు, వెనుక చేతిపట్టీలను బిగించే కడియాల చీలలను అవి కప్పుతవి. పిడికిలికి దెబ్బ తగలకుండా లోపల చిన్న మెత్త కూడా ఉంటుంది. ఇంత ఆలోచించి చేసిన పనివాడి పేరు మాత్రం ఆ డాలుమీద ఎక్కడా లేదు. గెలిచినవారి పేర్లకేమీ లోటు లేదు. పదిహేడవ శతాబ్ది చివర మన ఆదోని కోట మొగలాయిల వశమైనప్పుడు అక్కడి ఆయుధాలు కొన్ని బికనీరు చేరినవి. మహారాజు అనూప్‌సింగు పేరూ, ఆదోని పేరూ వాటిమీద చుక్కలు పొడిచి వ్రాయించారు.

ఇండ్లలో ఇటువంటివి ఉన్నవారికి మా మనవి ఒకటి. చింతపండు, నిమ్మకాయ, బూడిద, గరుకు కాగితం వాటికి తగలనీయవద్దు. పొడి నూలుగుడ్డతో మెల్లగా దుమ్ము తుడిస్తే చాలు. చెమట చేతితో పట్టుకొంటే వ్రేలిముద్రల చోటే త్రుప్పు పుట్టుతుంది. తడి కుంకుమ అంతకన్న చెరుపు. త్రుప్పు ముదిరితే స్వంత వైద్యం చేయక మ్యూజియమువారిని అడగండి.

పెద్దమ్మకు ఇదంతా చెప్పాము. బొట్టు డాలుకు గాక క్రింది పీటకు పెట్టడానికి ఆమె ఒప్పుకొన్నారు. చింతపండు సంగతి మాత్రం, “కోడలిని అడిగి చూస్తాలే నాయనా” అన్నారు.