లెక్కపెట్టి పట్టే చేపలు

ఆదోనికి సముద్రం ఏ దిక్కున చూసినా మూడువందల కిలోమీటర్లకు తక్కువ దూరంలో లేదు. పత్తి బేళ్ళూ, వేరుశనగ మూటలూ, ఎండాకాలపు బిందెల వరుసలూ చూసి పెరిగినవాళ్ళం మేము. పసిఫిక్ మహాసముద్రంలో అద్దె పడవెక్కి రాక్‌ఫిష్ పట్టే వినోదంతో మీకేం పని అని మిత్రులు అడగవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి వెళ్ళి శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు ఉన్నారు. వారాంతాల్లో హాఫ్‌మూన్ బే దగ్గరి పిల్లర్ పాయింట్ రేవు నుంచి పడవెక్కే వాళ్ళలో మా అక్క కొడుకు ఒకడు. వాడు చెప్పినవి వింటూ, దొరికినవి చదువుతూ పోగా నాకొక అభిప్రాయం స్థిరపడింది. అది పసిఫిక్ గురించి కాదు, మా తుంగభద్ర గురించి.

ముందు ఆ ప్రయాణం సంగతి. మనిషికింత అని టికెట్టు, చేపలు పట్టడానికి ప్రభుత్వ లైసెన్సు. తెల్లవారుజామున పడవ బయలుదేరుతుంది. నీటి అడుగున బండలున్న చోటు చూసి కెప్టెన్ ఇంజను ఆపుతాడు. పడవ అంచు పొడుగునా నిలబడ్డవాళ్ళంతా సీసపు గుండ్లు కట్టిన గాలాలను వంద, రెండువందల అడుగుల లోతుకు జారవిడుస్తారు. పడిన చేపలు ఎవరివి వారి గోనెసంచిలోకి వెళతాయి. (అక్కడా గోనెసంచే! మార్కెట్ యార్డు ఊరివాడికి ఇంతకంటే ఆత్మీయమైన వస్తువు ఏముంటుంది?) మధ్యాహ్నానికి తిరుగుముఖం. దారిలోనే పడవ పనివాళ్ళు చేపలు కోసి, ముళ్ళు తీసి ఇస్తారు.

అయితే లెక్క ఉంది. కాలిఫోర్నియాలో మనిషికి రోజుకు ఈ జాతులన్నీ కలిపి పది చేపలు, అంతే. కొన్ని జాతులను అసలు ఉంచుకోకూడదు. ఎర్రటి ఒంటితో, పసుపు కళ్ళతో ఉండే ఎల్లోఐ అటువంటిది. ఒకసారి అది మావాడి గాలానికే పడింది. "మామా, ఎంత బరువుందనుకున్యావు! సంచిలో ఏసుకుందామంటే పడవాయన అడ్డం పడినాడు. మూతికి క్లిప్పు పెట్టి, గుండు కట్టి కిందికి దింపేసినాడు. డబ్బులిచ్చి పట్టేది, మళ్ళా మర్యాదగా సాగనంపేది!" అని వాడు ఫోనులో వాపోయాడు.

ఆ మర్యాద వెనుక శాస్త్రం ఉంది. లోతు నుంచి పైకి లాగేసరికి నీటి ఒత్తిడి తగ్గి, చేప పొట్టలోని గాలితిత్తి ఉబ్బిపోతుంది. కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. జీర్ణాశయం నోట్లోకి తోసుకొస్తుంది. దయతలచి నీళ్ళలోకి విసిరేస్తే మునగలేక తేలుతూ ఉంటుంది, సముద్రపు పక్షుల పాలవుతుంది. బరువు కట్టి లోతుకు దింపితే ఒత్తిడి మళ్ళీ సర్దుకుని, వాటిలో చాలా భాగం బతుకుతాయని పరిశోధకులు తేల్చారు. ఒరెగాన్‌లో 2017 నుంచి, అలాస్కాలో 2020 నుంచి అలా దింపే పరికరం పడవలో ఉండి తీరాలి.

ఒక చేప కోసం ఇంత తంటా ఎందుకంటే దాని వయసు కోసం. ఎల్లోఐ నూరేళ్ళు దాటి బతుకుతుంది. తల్లి కావడానికే పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఆడచేప పెద్దదయ్యే కొద్దీ సంతానమూ ఎక్కువ. కాబట్టి పెద్ద చేపను పట్టానని ఫోటో దిగేవాడు ఒక వంశపు ముత్తవ్వను చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడన్న మాట.

అమెరికావారికి ఈ జ్ఞానం పుట్టుకతో వచ్చిందనుకునేరు. చేతులు కాల్చుకున్నాకే వచ్చింది. దశాబ్దాల పాటు మరపడవల వలలు సముద్రపు అడుగును ఊడ్చేశాయి. 2000 జనవరిలో పశ్చిమతీరపు అడుగుచేపల వేటను విపత్తుగా ప్రకటించవలసి వచ్చింది. తరువాత తీరం పొడుగునా పెద్ద పెద్ద ప్రాంతాలను మూసేశారు. పడవలవాళ్ళు గోలపెట్టారు, కొందరు వృత్తే మానుకున్నారు. కానీ ఆ మూసివేత ఫలించింది. కెనరీ అనే జాతి 2015 నాటికి, బొకాచియో 2017 నాటికి కోలుకున్నట్టు ప్రకటించారు. ఇంకా కొన్ని దశాబ్దాలు పడుతుందనుకున్న కౌకాడ్ 2019కే తేరుకుంది.

సరదా కోసం ప్రాణం తీయడం ఏం సంస్కారమని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. ఆయన శాకాహారి, ఆ మాట అనే హక్కు ఆయనకుంది. పులుసు తినే నాకు లేదు. పది దగ్గర చెయ్యి ఆపుకున్నవాడికంటే, నేను బజారులో తూకం వేయించుకునే చేప ఎలా చచ్చిందో అడగని నేను ఏ విధంగా మెరుగు?

అడిగితే వచ్చే జవాబు అంత బాగుండదు. గాజులదిన్నె వంటి జలాశయాల్లో ఏటా చేపపిల్లలను వదులుతారు, కట్ల రెండు మూడేళ్ళకే తల్లి అవుతుంది, కనుక అక్కడ మన మతిమరుపు కొంతవరకు చెల్లుతుంది. నది సంగతి వేరు. ఎండాకాలంలో కోసిగి, మంత్రాలయం వైపు తుంగభద్ర పాయలుగా చీలి, చివరికి మడుగులుగా మిగులుతుంది. వానలకు గుడ్లు పెట్టవలసిన తల్లిచేపలన్నీ ఆ మడుగుల్లోనే తలదాచుకుంటాయి. పుట్టి మీద వెళ్ళి వల విసిరే జాలరి వాటిలో కొన్నిటిని తెస్తాడు. మందుగుండు పేల్చేవాడూ, విషం కలిపేవాడూ పిల్లా తల్లీ తేడా లేకుండా మడుగునే చంపుతారు. 1897 నాటి భారత మత్స్య చట్టం ఈ రెండింటినీ నేరాలన్నది. రాసిననాడు శిక్ష రెండు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. ఆనాటి 200 రూపాయలు చిన్న మొత్తమేమీ కాదు, ఈనాడు రెండు కిలోల చేపలకు సరిపోదు.

నీళ్ళ లెక్కలో మాత్రం మనం ఘనులం. 2024 ఆగస్టులో హోస్పేట డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఎన్ని టీఎంసీలు పోయాయో టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా చెప్పగలిగారు. అదే నదిలో ఎన్ని జాతుల చేపలున్నాయో, ఏవి కనబడకుండా పోయాయో అడగండి, ఒక్కరు నోరెత్తరు.

మనకు ఆదర్శం కోసం కాలిఫోర్నియా దాకా పోనక్కరలేదు. ఇదే నది పైన తుంగగా ఉన్నచోట, శృంగేరిలో, గుడి మెట్ల దగ్గర చేపలకు భక్తులు మరమరాలు వేస్తారు. అక్కడ ఎవరూ గాలం వేయరు. మంత్రాలయానికీ భక్తులకు కొదవ లేదు, నదికీ ఘాట్లు ఉన్నాయి. అక్కడొక మడుగు, రాజోలిబండ ఆనకట్ట దిగువన మరొక మడుగు వేసవి నాలుగు నెలలూ ఎవరూ ముట్టకుండా వదలమని నా ప్రతిపాదన. ఏ మడుగులో ఎంత లోతు ఉంటుందో, ఏది చివరిదాకా ఎండదో పుట్టి నడిపేవాళ్ళకు తెలుసు. ఎంపిక వాళ్ళదే కావాలి. సరదాకు గాలం పట్టుకుని పట్నం నుంచి వచ్చే మనబోటి వాళ్ళకు మాత్రం మనిషికి నాలుగు చేపలు చాలు.

వదిలితే జాలరి ఏం తినాలి అన్న ప్రశ్న మిగులుతుంది. కొట్టిపారేయగల ప్రశ్న కాదు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. అందుకు ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి 2019లో 10,000 రూపాయలిచ్చింది, 2025లో దాన్ని 20,000 చేసింది. ఆ భృతి సముద్రపు వేటకు మాత్రమే. మడుగును వదలమని పుట్టివాడిని అడగబోయే ముందు, ఆ పద్దులో అతనికీ ఒక వరుస రాయించాలి.