ఒక యూనిట్ చెడితే అంతస్తంతా ఉక్కపోయాలా?

రోహిణీ కార్తెలో ఆసుపత్రి మేడ మీద ఉన్న మూడు ఏసీ అవుట్‌డోర్ యూనిట్లలో ఒకటి మొరాయిస్తే కింద వార్డులన్నీ వేడెక్కాల్సిన పనిలేదు. మిగిలిన రెండూ నడవగలవు. అయినా చాలాచోట్ల మొత్తం వ్యవస్థను ఆపేసి, విడిభాగం వచ్చేదాకా రోగులను ఫ్యాన్ల కింద ఉంచుతారు. ఈ అవస్థకు బీజం భవనం కట్టేటప్పుడే పడుతుంది.

పెద్ద భవనాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఈ పద్ధతిని వీఆర్‌ఎఫ్ అంటారు. 1982లో జపాన్ సంస్థ డైకిన్ దీన్ని తొలిసారి మార్కెట్లోకి తెచ్చింది. రెండు మూడు అవుట్‌డోర్ యూనిట్లను కలిపి, ఒకే గొట్టాల జత ద్వారా పదుల గదులకు రిఫ్రిజరెంట్‌ను పంపుతారు. గ్యాసూ ఆయిలూ అన్నిటికీ ఉమ్మడే. గొట్టాల ఖర్చు తగ్గించేదీ, చిక్కు తెచ్చిపెట్టేదీ ఈ ఉమ్మడితనమే.

చాలా మోడళ్లలో చెడిన యూనిట్‌ను పక్కనపెట్టి మిగతావాటిని తాత్కాలికంగా నడిపే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని తయారీదారు చెప్పిన వరుసలోనే మార్చాలి. తొందరపడి ఆ యూనిట్‌కు కరెంటు తీసేస్తే, దాని నుంచి సంకేతం అందక మిగతావి కూడా ఆగిపోవచ్చు. సమాన సామర్థ్యమున్న మూడింటిలో ఒకటి తగ్గితే మూడింట రెండు వంతుల చల్లదనమే మిగులుతుంది. అప్పుడు సమావేశ మందిరం, కార్యాలయ గదుల ఏసీలు కట్టేసి ఐసీయూకు ఇవ్వాలి. ఏ గది ముందో ఆ రోజు వాదించుకోవడం కన్నా ముందే రాసిపెట్టుకోవడం మేలు.

అయితే అన్ని జబ్బులకూ ఇదే మందు కాదు. ఫ్యాన్ మోటారు పాడైతే మిగతావి నిశ్చింతగా నడుస్తాయి. గ్యాస్ లీకైతే ఆపక తప్పదు. కంప్రెసర్ కాలిపోతే ఆయిల్లో ఆమ్లాలు పుడతాయి. ఉమ్మడి గొట్టాల్లో అవి పాకితే బాగున్న కంప్రెసర్లకూ ముప్పే. అలాంటప్పుడు ఆయిల్ పరీక్షించకుండా నడిపించమని మెకానిక్‌పై ఒత్తిడి తేవడం దుబారాకు దారి.

మరమ్మతుకు ముందు ఆ యూనిట్ వాల్వులు మూసి, లోపలి రిఫ్రిజరెంట్‌ను యంత్రంతో సిలిండర్లోకి లాగాలి. గాలిలోకి వదిలేయడం తేలికే, కానీ ఆర్-410ఎ భూతాప ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 2,088 రెట్లు. పది కిలోలు వదిలితే దాదాపు 21 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇలాంటి వాయువుల వాడకం తగ్గించాలన్న కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. మన కోతలు 2032 నుంచి మొదలవుతాయి. మేడల మీద వాల్వు తెరిచి వదిలేసే అలవాటు పోవడానికి అప్పటిదాకా ఆగనక్కర్లేదు.

టెండర్‌లోనే కొన్ని అడగాలి. ప్రతి అవుట్‌డోర్ యూనిట్‌కూ విడి బ్రేకర్, విడిగా మూసే వాల్వులు, మనిషి కూర్చుని పనిచేసేంత జాగా. ఐసీయూ, సర్వర్ గదుల వంటివాటికి రెండు వేర్వేరు వ్యవస్థల నుంచి ఇండోర్ యూనిట్లు. ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. అన్ని గదులకూ ఇది అవసరం లేదు కూడా. నిర్వహణ ఒప్పందంలో మరో షరతు చేర్చవచ్చు: ఏటా ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, ఒక యూనిట్‌ను కావాలనే పక్కనపెట్టి మిగతావి ఒక పూట నడుస్తాయో లేదో చూపించాలి.