బరువు గొంతుకు పీట ఏది?

పాఠశాల వార్షికోత్సవము దగ్గరపడగానే ప్రార్థనగీతమునకు పిల్లలను ఏరుట ఉండి వంటి ఊళ్ళలోను, ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలోను ఏటేట జరుగు పనియే. నిరుటిదాక ముందు వరుసలో పాడిన బాలుని గొంతు ఈ యేడు బొంగురుపోయినదా, వానిని వెనుక బెంచీకి పంపివేయుదురు. ఆ వయస్సున స్వరతంత్రులు సాగి, గొంతు ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగును. అది ప్రకృతిధర్మము. గొంతు పోయినదనుకొనుట మాత్రము పెద్దల పొరపాటు.

ఐరోపావారి సంగీతనాటకమైన ఆపెరాలో ఇట్టి బరువైన గొంతుకు ‘బాస్’ అని పేరు పెట్టి ప్రత్యేకముగా పీట వేసినారు. నాయకుని పాట చాలవరకు హెచ్చుస్థాయి గాయకునిదే. కాని రాజులు, పురోహితులు, సైతాను వేషములు బాస్ గాయకుని సొత్తు. రష్యాలోని కజాను నగరమున 1873లో పేదయింట పుట్టిన షాలియాపిన్ ఈ గొంతుతోనే బోరిస్ గొడునోవ్ అను రాజపాత్ర ధరించి ప్రపంచఖ్యాతి గడించినాడు. మైకు లేకుండ అంతటి వాద్యబృందమును మించి వినబడుట కండబలముచేత కాదు. ఏండ్ల సాధనవలన ఆ గొంతులలో సెకనుకు సుమారు 3000 కంపనముల ప్రాంతమున ఒక కంచుమోత పుట్టును. మూసిన నాటకశాల గోడలు దానికి తోడుపడును.

తెలుగు పద్యనాటకమునకు ఆ గోడలు లేవు. తీర్థములలో, ఆరుబయట, కట్టకడపటి వరుసవానికి సయితము పద్యము వినబడవలెనన్న హెచ్చు శ్రుతి పట్టక తప్పలేదు. హార్మోనియముపై 4, 5 శ్రుతులు అందుకొన్నవానికే ‘వన్స్‌మోర్’లు. మంద్రకంఠము గలవాడు తరచు గద త్రిప్పుకొనుచు వచనము చెప్పుకొనవలసినదే. మైకు వచ్చిన పిమ్మట ఆ అవసరము తీరినది, అలవాటు తీరలేదు.

సినిమా ఆ గొంతుకు కొంత చోటిచ్చినది. 1922లో పుట్టిన మాధవపెద్ది సత్యము రంగస్థలముపై ఆరితేరి చిత్రసీమకు వచ్చినారు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు విందారగించునప్పటి పాట ఆయనదే. అదే చిత్రమున దారుకుడై తెరపై కనబడి పాడినదియు ఆయనయే. అయినను ప్రేక్షకుల కన్నులకు ఎస్.వి. రంగారావు నోరే గాని పాడినవాని ముఖము తోచదు. 1962 నాటి ‘కులగోత్రాలు’లో పిఠాపురము నాగేశ్వరరావుతో కలిసి పాడిన జూదరుల పాట నేటికిని జనుల నోళ్ళలో నున్నది. రాక్షసుడు, జూదరి: ఆ గొంతు పాలికి ఎక్కువగా వచ్చినవి ఇట్టివే. నాయకుని పాట ఘంటసాలకు పోయినది. ఘంటసాలకు మాత్రము మంద్రము లేదా? ఆ గాంభీర్యము చేతనే గదా ఆయన పద్యము అంతగా నిలిచినది! 2000లో కన్నుమూసిన సత్యమునకు భీష్ముని వంటి, ధృతరాష్ట్రుని వంటి నిండుపాత్రలు చాలినన్ని దక్కలేదనియే చెప్పవలెను. తప్పు గొంతుది కాదు. బరువు గొంతు అనగానే కోరలు గుర్తుకు తెచ్చుకొను చెవులది.

ఆ చెవులకు తరిఫీదు బడిలోనే మొదలగుచున్నది. మారుచున్న గొంతును హెచ్చు శ్రుతికి లాగి అరపించుట హాని. మాన్పించుట అంతకంటె అన్యాయము. శ్రుతి దించి, ఆ బాలునిచేత ధృతరాష్ట్రుని పద్య మొకటి నెమ్మదిగా చదివింపవచ్చును. ప్రార్థనగీతములో ఆడపిల్లల గొంతులకు ఒక స్థాయి క్రింద వానిని పాడనిచ్చినను చాలును; వెనుక బెంచీ ఖాళీ యగును.