ఆకాశము దేవునిది, పొగ ఎవరిది?



ఈ నెల మా సంఘములో జరిగిన ఒక సంగతి వ్రాస్తున్నాను. అందులో తప్పు నాది. మిగిలినవారి పేర్లు చెప్పను.

ఒక శనివారం యవ్వనస్థుల కూడికలో, డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు సాక్ష్యము చెబుతూ మధ్యలో ఒక మాట అన్నాడు. మనుషులు కాల్చే బొగ్గు, పెట్రోలు వలన భూమి వేడెక్కుతున్నదనీ, వానల తీరు మారుతున్నదనీ అన్నాడు. వెనుక కూర్చున్న మా సంఘ పెద్ద ఒకాయన లేచి, "ఎండా వానా దేవుని చేతిలో ఉన్నాయిరా! మనిషెంత, వాడి పొగెంత? ఇది అవిశ్వాసపు మాట" అని గద్దించారు. మరునాడు ఆరాధనలో నేను ఆదికాండము 8:22 తీసుకొని పెద్దాయన పక్షమే మాట్లాడాను. జలప్రళయము తరువాత, విత్తే కాలమూ కోసే కాలమూ, చలీ వేడీ మానవని దేవుడు మాట ఇచ్చాడు గనుక వాటిని మనిషి మార్చలేడని చెప్పాను. సంఘమంతా ఆమేన్ అన్నది. ఆ తమ్ముడు మూడు ఆదివారాలు గుడికి రాలేదు.

నాలుగో వారం వాళ్లమ్మ వచ్చింది. "అయ్యగారూ, మావాడు చదివింది అబద్ధమైతే అబద్ధమని చూపించండి. వాడికి విశ్వాసం లేదని మాత్రం అనకండి" అన్నది. నాకు సమాధానము లేకపోయింది. నేను చదివినది వేదాంతములో డిప్లొమా. గాలిని గురించి చదివినది పదో తరగతితో సరి. తెలియనిదానిని వాక్యము పేరు పెట్టి చెప్పాను. ఆ తమ్ముని పుస్తకాలే అడిగి తెచ్చుకొని, చీకటి పడ్డాక కూర్చుని చదివాను.

ఇది నిన్నమొన్న పుట్టిన మాట కాదని మొదట తెలిసింది. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే స్త్రీ గాజు గొట్టాలలో థర్మామీటర్లు ఉంచి ఎండలో పెట్టింది. ఒకదానిలో మామూలు గాలి, ఇంకొకదానిలో కార్బన్ డయాక్సైడు, అనగా మనము విడిచే బొగ్గుపులుసు వాయువు. ఆ వాయువున్న గొట్టము ఎక్కువ వేడెక్కింది, నీడలో పెట్టినా త్వరగా చల్లారలేదు. 1896లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్త అర్హీనియస్, ఈ వాయువు గాలిలో రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కునో కాగితము మీద లెక్క కట్టాడు. అప్పటికి మన ఊళ్లలో మోటారు బండి చూసినవాడు లేడు.

ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లలో సుమారు 280. 1958లో చార్లెస్ కీలింగ్ అనే ఆయన హవాయి దీవులలోని ఒక కొండ మీద కొలవడము మొదలుపెట్టినప్పుడు సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. "పది వేలలో నాలుగు పాళ్లు! దానికే ఇంత గోలా?" అని నాకూ అనిపించింది. అది మా ఇంట్లో పైకే అన్నాను. నా భార్య పాలు తోడుపెడుతూ ఉన్నది. కుండెడు పాలలో వేసే మజ్జిగ ఎంతండీ అని అడిగింది. నేను ఇక మాట్లాడలేదు.

ఆ పొగ మనదేనని ఎలా చెప్పగలరు? బ్రతికియున్న చెట్టులోని బొగ్గులో ఒక సూక్ష్మమైన గురుతు ఉంటుంది. అది వేల సంవత్సరాలలో క్రమంగా చెరిగిపోతుంది. కోట్ల సంవత్సరాలు మట్టి క్రింద పడియున్న బొగ్గుకూ నూనెకూ ఆ గురుతు ఉండదు. గాలిలో పెరిగిన వాయువును పరీక్షించి, అది ముఖ్యముగా అట్టి పాత బొగ్గు, నూనెల నుండి వచ్చినదని తేల్చారు. సూర్యుడే ఎక్కువ కాస్తున్నాడేమో అనుకుందామంటే, 1978 నుండి ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. సూర్యుని వేడిమి పెరగలేదు.

పెద్దాయన దగ్గర గట్టి ప్రశ్న ఒకటి ఉన్నది. "1977లో దివిసీమ ఉప్పెన వచ్చిన నాడు ఎన్ని కార్లున్నాయయ్యా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఉప్పెనలు, కరువులు మన తాతల నాడూ ఉన్నాయి. ఫలానా తుపాను మనుషుల వలననే వచ్చిందని చెప్పడము సరికాదు. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి ఏడు పాళ్లు ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. కాబట్టి వచ్చే వాన కుంభవృష్టిగా వచ్చే అవకాశము పెరుగుతుంది. 1850–1900 నాటి సగటు కంటె 2024వ సంవత్సరము ఒకటిన్నర డిగ్రీ పైగా వేడిగా గడిచింది. ఒకటిన్నర డిగ్రీయేనా అనకండి. పిల్లవాడికి ఒకటిన్నర డిగ్రీ జ్వరము ఎక్కితే తల్లి రాత్రంతా మేల్కొని కూర్చుంటుంది.

నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది బోరు నీళ్ల సంగతి. 1993 నుండి 2010 వరకు లోకమంతటా మనుషులు తోడి, తిరిగి నేలలోనికి ఇంకకుండా పోయిన భూగర్భ జలము సుమారు 2 లక్షల 15 వేల కోట్ల టన్నులని ఒక అంచనా. ఆ నీళ్లన్నీ చివరకు సముద్రానికి చేరతాయి. బరువు ఒకచోట నుండి ఇంకొకచోటికి మారడము వలన భూమి తిరిగే ఇరుసు సుమారు 80 సెంటీమీటర్లు ప్రక్కకు జరిగిందని 2023లో కొరియా శాస్త్రవేత్తలు లెక్కతో చూపించారు. దీనివలన ఋతువులు తారుమారు కావు, భయపడనక్కరలేదు. ఇరుసు ఎలాగూ ఏటా కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఎక్కువ ప్రభావము చూపిన చోట్లలో అమెరికా పడమటి భాగము ఒకటి, మన దేశపు వాయవ్య భాగము ఒకటి. పంజాబు, హర్యానా రైతు మోటారు స్విచ్ వేసినప్పుడు తన పొలము తడుస్తుందనుకున్నాడే గాని, భూమి బరువు మారుస్తున్నాననుకున్నాడా? మనిషెంత అని అడిగిన మా పెద్దాయనకు ఈ లెక్క చదివి వినిపిస్తే చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

మనిషి పాడుచేసినది మనిషే ఆపిన సంగతి కూడ ఒకటి చెప్పాలి. ఫ్రిజ్‌లలోను, స్ప్రే డబ్బాలలోను వాడే వాయువులు పైనున్న ఓజోను పొరను తినివేస్తాయని 1974లో ఇద్దరు శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1985లో దక్షిణ ధ్రువము మీద ఆ పొర బాగా పలచబడిందని బయటపడింది. 1987లో మాంట్రియల్ పట్టణములో ఒడంబడిక జరిగింది, తరువాత లోకములోని దేశాలన్నీ చేరాయి. 1992లో మన దేశము చేరింది. ఇప్పుడు ఆ పొర నెమ్మదిగా కోలుకుంటున్నది. దక్షిణ ధ్రువము మీద పూర్తిగా బాగుపడడానికి ఇంకా నలభై ఏండ్లు పడుతుందట.

మరి దేవుని మాట? ఆదికాండము 8:22 తిరిగి చదివాను. కాలములు ఆగవని అక్కడ ఉన్నది. మనము ఏమి చేసినా పొలము పండుతుందని అక్కడ లేదు. నేను దానిని కలిపి చెప్పాను. హోషేయ గ్రంథము 4వ అధ్యాయములో జనుల పాపము వలన దేశము వాడిపోయి, సముద్రపు చేపలు సహా నశించిన సంగతి ఉన్నది. ఆ అధ్యాయము మీద నేను రెండుసార్లు ప్రసంగించాను గాని చేపల దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ నివేదికలలో శాస్త్ర భాగమును మొదటి నుండి 2002 వరకు నడిపించినవారిలో ముఖ్యుడు సర్ జాన్ హౌటన్. వేల్స్ దేశస్థుడు, 2020లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆయన బైబిలును నమ్మిన విశ్వాసి, తన విశ్వాసాన్ని ఎక్కడా దాచుకోలేదు. ఆయన మా కూడికకు వచ్చియుంటే ఆయననూ అవిశ్వాసి అనేవారమా?

ఇంకొకటి కూడ మనసులో ఉన్నది. అమెరికాలో ఒక్కొక్క మనిషి లెక్కన ఏడాదికి సుమారు 14 టన్నుల ఈ వాయువు వెళ్తుంది, మన దేశములో సుమారు 2 టన్నులు. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న మా విశ్వాసి ఇంట్లో అది ఇంకా తక్కువే అయి ఉండాలి. వడదెబ్బ మాత్రము మే నెలలో ఉపాధి పనికి వెళ్లే ఆ తల్లికే ముందు తగులుతుంది. 2015 ఎండలలో మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఎంతమంది చనిపోయారో మీకు జ్ఞాపకము ఉండే ఉంటుంది.

ఏ వేదిక మీద తప్పుగా చెప్పానో ఆ వేదిక మీదనే ఆదివారం ఒప్పుకున్నాను. ఆ తమ్ముడు తల్లి ప్రక్కన కూర్చుని ఉన్నాడు. ఆరాధన అయిన తరువాత పెద్దాయన వాడి భుజము మీద చెయ్యి వేసి బయటకు తీసుకువెళ్లారు. పది నిమిషాలకు తిరిగి వచ్చి నన్ను అడిగారు: "అయ్యగారూ, నా బోరు నాలుగు వందల అడుగుల దగ్గర ఎండింది. ఇంకో వంద అడుగులు దింపమంటారా, వద్దంటారా?"

పైరు మిరప. అప్పు తెచ్చిన పైరు. ముగ్గురమూ కలిసి ఆయన పొలానికి నడిచాము.