మాస్కు గాలికి వాము మందు కాదు

మహాశివరాత్రినాడు శ్రీముఖలింగంలో ఉపవాసమున్నవారు పాలు, పండ్లు పుచ్చుకుంటే సాధారణంగా ఎవరూ తప్పుపట్టరు. శస్త్రచికిత్సకు ముందుండే ఉపవాసానికి ఆ సడలింపు లేదు. శ్రీకాకుళానికో విశాఖపట్నానికో ఆపరేషన్‌కు బయలుదేరేవారికి, "కడుపులో వాయువు చేరకూడదు" అని వాము కషాయమో, ఇంగువ కలిపిన మజ్జిగో ఇచ్చి పంపాలని పెద్దలకు అనిపించడం సహజమే. కాని అది ప్రమాదకరం.

పిత్తాశయపు రాళ్ళ కోసం చేసే లాపరోస్కోపీలో జీర్ణాశయంలోని గాలి వైద్యునికి నిజంగానే అడ్డంకి. ఉబ్బిన జీర్ణాశయం పనిచేయవలసిన చోటును కప్పివేస్తుంది. సాధనాలను లోపలికి దించేటప్పుడు దానికి గాయమయ్యే అవకాశమూ ఉంది. ఈ గాలికి ముఖ్యమైన మార్గమొకటి మాస్కు. రోగికి మత్తు కలిగిన తరువాత, శ్వాసనాళంలో గొట్టం అమర్చేవరకు మత్తువైద్యులు మాస్కు ద్వారా ఊపిరి అందిస్తారు. ఆ ఒత్తిడి సుమారు 20 సెంటీమీటర్ల నీటిమట్టాన్ని మించితే కొంత గాలి అన్నవాహికలోనికి మళ్ళి జీర్ణాశయం చేరుతుంది. అందుకే తక్కువ ఒత్తిడితో, మెల్లగా ఊపిరి అందించడం మేలు. కడుపు ఖాళీగా లేదని అనుమానమున్నప్పుడు, వీలైనంతవరకు మాస్కుతో ఊదకుండా త్వరగా గొట్టం వేసే పద్ధతిని ఎంచుకుంటారు. చేరిన గాలిని సన్నని గొట్టంతో తీసివేస్తారు.

వాము, శొంఠి, జీలకర్ర భోజనానంతరపు ఉబ్బరానికి వాడదగినవే. మాస్కు గాలిని అవి ఆపలేవు. పైగా కడుపులో మిగిలిన మజ్జిగ, మత్తులో పైకి పొంగి ఊపిరితిత్తులలోకి జారవచ్చు. లోనికి పోయిన గాలి ఆ పొంగును మరింత ప్రేరేపిస్తుంది.

ఈ ఉపవాసం మన శాస్త్రానికి కొత్త కాదు. ఉదరరోగం, అర్శస్సు, అశ్మరి, భగందరం, ముఖరోగాలకు శస్త్రకర్మ భోజనం చేయనివారికే జరపాలని సుశ్రుతసంహిత సూత్రస్థానం విధించింది. నేటి సాధారణ నియమం ప్రకారం నూనె పదార్థాలు 8 గంటలు, తేలికపాటి ఆహారం, పాలు 6 గంటలు, మంచినీరు 2 గంటల ముందే ఆపాలి. రోగి స్థితిని బట్టి వైద్యులు గడువు పెంచితే దానినే పాటించాలి.

పాఠకులకు మా మనవి ఒక్కటే. దారిలో తాగిన గుక్కెడు టీతో సహా, వాడుతున్న మూలికలతో సహా అన్నీ మత్తువైద్యునికి దాచక చెప్పండి. ఆయన పద్ధతిని నిర్ణయించేది ఆ మాటలను బట్టే. ఆ ఉదయం పోపులపెట్టె మూసి ఉంచండి; వైద్యులు ఆహారానికి అనుమతించిన తరువాత తెరవవచ్చు.