అడవిచిచ్చు - ఊరివారి హక్కు

వేసవి యడుగిడినతోడనే ఉత్తరాఖండమునందలి కుమావూ, గఢ్వాల్ కొండలలో చిచ్చు రగులుట యేటేటి వార్త యైపోయినది. 2024 జూన్ 13వ తేదీని ఆల్మోడా జిల్లా బిన్సర్ అభయారణ్యమున మంట నార్పబోయిన అటవీసిబ్బందిలో నలుగు రచ్చటనే యాహుతులైరి. అట్టి వార్త వచ్చినపుడెల్ల రెండు నిందలు వినవచ్చుచుండును. ప్రభుత్వము నిద్రించుచున్నదని ప్రజలందురు. ప్రజలే నిప్పు పెట్టుచున్నారని అధికారులందురు. ఈ వివాదము నూరేండ్ల నాటిది. దీని మూల మెఱుగక మందు వేయుట వ్యర్థము.

1911-1917 సంవత్సరముల నడుమ బ్రిటిషు ప్రభుత్వము కుమావూ అడవులను రిజర్వుచేసి, పసుల మేతకును వంటచెఱకునకును ఆటంకములు కల్పించెను. 1921లో జనులు తిరుగబడిరి. కలపకొఱకును జిగురుకొఱకును సర్కారు కాపాడుచుండిన చీడ్ అను పైనుజాతి వృక్షముల వనములు విస్తారముగ దగ్ధమైనవి. ఊరివారికి మేతయు నెరువును నిచ్చు వెడల్పాకుల చెట్ల యడవు లట్లు కాలిన జాడ లేదని చరిత్రకారుడు రామచంద్ర గుహా వ్రాసియున్నాడు. తనదనుకొన్న దానికి మనుజుడు నిప్పు పెట్టడు. అదే యేట మన పల్నాటి రైతులును పుల్లరి కట్టమని నిలిచిరి. 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణము నర్పించెను. కొండలు వేఱైనను కడుపుమంట యొక్కటియే.

ఆ యలజడి ఫలముగనే 1931లో వనపంచాయతుల నిబంధనలు వెలువడినవి. గ్రామమువారు తామెన్నుకొన్న పంచాయతి ద్వారా తమ యడవిని పాలించుకొను నేర్పా టిది. నేడు ఉత్తరాఖండమున ఇట్టి పంచాయతులు 11 వేలకు పైగా గలవు. కాని 1976 నాటి నిబంధనలు వారి యధికారమును తగ్గించి అటవీశాఖ పట్టును బిగించినవి. హక్కు తీసికొని బాధ్యత నడుగుట యే న్యాయము?

నిప్పును నిలుపు పని నిజముగ ఊరియొద్దనే ప్రారంభము కావలెను. రాలిన చీడ్ ఆకులు ఎండి, జిగురుతో కూడి, యొక్క రవ్వకు భగ్గుమనును. వాని నేరివేయుటకును, అగ్నిరేఖలను శుభ్రపఱచుటకును వేలకొలది చేతులు కావలెను. ఆ చేతులు ఊరిలోనే యున్నవి. ఆల్మోడా జిల్లాలోనే శీత్లాఖేత్ ప్రాంతపు గ్రామస్థులు పొలములలోని చెత్తను మార్చి నెలాఖరులోపుననే కాల్చివేయుదమని కట్టడి చేసికొనిరి. ఈ పని యే యాజ్ఞాపత్రమువలనను జరుగునది కాదు.

గృహస్థునకును ధర్మము గలదు. ఇండ్లు తఱచు మంట తాకుటవలన గాక, గాలికెగిరి వచ్చిన నిప్పురవ్వలవలన నంటుకొనునని అమెరికాదేశపు పరిశోధకులు తేల్చియున్నారు. కావున గోడ చుట్టును ఐదడుగుల మేర కాలెడు వస్తు వుండరాదు. కప్పుపై రాలిన యాకులను తుడువవలెను. గడ్డివామిని, కట్టెల మోపులను ఇంటికి దూరముగ నుంచవలెను. ఒకడు శుభ్రపఱచుకొని పొరుగువాడు మానిన, పొరుగింటి రవ్వయే యితని కప్పును కాల్చును. ఇది యొక్కని పని కాదు, వాడవారందఱి పని.

నిప్పు పెట్టినవానిని శిక్షింపవలదని మే మనుటలేదు. కాని న్యాయస్థానములలో జీవితము గడపుచున్న మాకు తెలిసిన సంగతి యొకటి గలదు: సాక్షి లేని కొండపై చట్టమునకు కన్నులు లేవు. ఆ కన్నులు ఊరివారివే. వారికి పనిముట్లును, కూలియు, గాయపడిన చికిత్సయు, మరణించినవారి కుటుంబమునకు పరిహారమును ప్రభుత్వ మీయవలెను. అంతకుమించి అడవిపై పెత్తనము నీయవలెను.

మన దేశములోనే జరిగిన యీ పాఠము మనకును వర్తించును. ఆంధ్రదేశమున 1992 నుండి వనసంరక్షణ సమితు లేర్పడినవి. నల్లమల యంచుల నివసించువారు వానిలో పేరునకు సభ్యులా, యజమానులా? ఈ ప్రశ్నకు సమాధానము వేసవి రాకముందే చెప్పవలెను. మంట లేచిన పిమ్మట నుయ్యి త్రవ్వుట మనకు కొత్త గాదు. ఇకనైన నా యలవాటు మానుదుము గాక!